కడబంతి నుంచి మొదలుపెట్టు

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. తిత్లీ తుపాను అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఎవరో దాతలు లారీలో 60 బరకాలు (టార్పాలిన్లు), కొన్ని బియ్యం బస్తాలు పంపారు. మా ఊళ్లో 212 గడపలు. చదువుకున్నవాణ్ని కదా అని పంపకం నా చేతిలో పెట్టారు. బరకాలు రోడ్డు వీధి నుంచి ఇచ్చుకుంటూ వెళ్లాను. గెడ్డ (వాగు) అవతల వీధికి చేరేసరికి అయిపోయాయి. మా మేనత్త ఇంటికప్పు మొత్తం ఎగిరిపోయింది, ఆమెకి ఒకటి ఇచ్చాను. ‘అయినవాళ్లకే ఇచ్చుకున్నాడు’ అన్నారు. గెడ్డ అవతల ఒక బాలింత ఇరవై రోజుల బిడ్డతో సగం కూలిన ఇంట్లో తడిసింది. ఆమె ఎదురుపడితే ఇప్పటికీ తల దించుకుంటాను. గొడవలు వద్దని బియ్యం ఇంటికి 3 కిలోల చొప్పున సమానంగా పంచాను. దానికీ తిట్లే తిన్నాను. మళ్లీ తుపాన్ల కాలం వస్తోందని ఊళ్లో కమిటీ వేసి నన్నే ముందుండమంటున్నారు. మా అమ్మ వద్దంటే వద్దంటోంది. ఉన్నది తక్కువైనప్పుడు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి లేదనాలి? అసలు నేను ఒప్పుకోవాలా?

జవాబు:

బాబూ, ఒప్పుకో. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతా సంగతి మాట్లాడతాను.

మీ అమ్మ భయం నాకు తెలుసు. కొడుకుని ఊరు దొంగ అంటే ఏ తల్లికైనా కడుపు రగులుతుంది. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ బాలింతని, ఆ బిడ్డ వయసుతో సహా గుర్తుపెట్టుకుని రాశావు. పంపకం చేసే చోట నీలాంటివాడు ఉండాలి. ఆ పని పద్ధతి ఒక్కటే నీకు ఎవరూ నేర్పలేదు. నాకూ ఎవరూ నేర్పలేదు. రెవెన్యూలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి, తప్పులు చేసి నేర్చుకున్నాను.

హుద్‌హుద్ అప్పటి సంగతి ఒకటి చెబుతాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. తుపాను తీరం దాటింది విశాఖ దగ్గరే అయినా విజయనగరం తీరం కూడా అల్లకల్లోలమైంది. మూడో రోజున ఒక ఊళ్లో పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు, బియ్యం పంచే డ్యూటీ నాది. లైను పెట్టించాను, టోకెన్లు ఇచ్చాను, తోపులాట లేకుండా సాయంత్రానికి లారీ ఖాళీ చేశాను. చాలా బాగా చేశాననుకున్నాను. బండి ఎక్కబోతుంటే ఒక తాత స్టీలు గిన్నె పట్టుకుని మెల్లగా నడిచి వచ్చాడు. ‘మా ముసిల్దాన్ని ఒగ్గీసి రానేకపోనానమ్మా’ అన్నాడు. ఆవిడ రెండేళ్లుగా మంచం మీదే ఉందట. గిన్నెలో పొయ్యడానికి నా దగ్గర ఒక్క పాల ప్యాకెట్ కూడా మిగల్లేదు. కాళ్లు బాగున్నవాళ్లంతా నా లైనులో నిలబడి తీసుకెళ్లారు. ఎవరికి అందరికన్నా ముందు అందాలో వాళ్లు నా లైను దాకా రానేలేదు.

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే’ అంటారు కదా. తుపాను తర్వాత వచ్చే సాయంలో మాత్రం కడబంతిలో కూర్చున్నవాళ్లకి మనవాళ్లంటూ ఎవరూ ఉండరు. అందుకే వడ్డన అటు చివరి నుంచి మొదలుపెట్టాలి. నువ్వు రోడ్డు వీధి నుంచి మొదలుపెట్టావు, ఎందుకంటే లారీ అక్కడ ఆగింది. నీకు పక్షపాతం లేదు, నేను నమ్ముతాను. కానీ లారీ ఎక్కడ ఆగితే అక్కడి నుంచే పంచితే, పక్షపాతం నువ్వు చేయకపోయినా రోడ్డే చేసేస్తుంది.

గెడ్డ అవతల వీధి ఎవరిదో నువ్వు రాయలేదు, నేనూ అడగను. మన ఊళ్లలో రోడ్డుకి దూరంగా, పల్లంలో, గెడ్డ అవతల ఉండే వీధులు ఎవరివో అందరికీ తెలిసిందే. అందుకే 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టంలో 61వ సెక్షన్ అని ఒకటి పెట్టారు. సాయం, నష్టపరిహారం ఇచ్చేటప్పుడు ఆడ మగ, కులం, వర్గం, పుట్టుక, మతం చూసి తేడా చేయకూడదని అందులో ఉంది. అదే చట్టంలో 53వ సెక్షన్ ప్రకారం, సాయానికి వచ్చిన సొమ్ముని గానీ సరుకుని గానీ సొంతానికి వాడుకుంటే రెండేళ్ల వరకు జైలు. కమిటీ మొదటి మీటింగులోనే ఈ రెండూ చదివి వినిపించు. ఎవర్నీ బెదిరించడానికి కాదు. పెద్దమనుషులెవరైనా ‘ముందు మన వీధికి’ అని నీ భుజం మీద చెయ్యి వేసినప్పుడు చెప్పడానికి నీకో మాట ఉంటుంది.

ఇక నీ బియ్యం లెక్క. ఇంటికి 3 కిలోలు అన్నావు. మన పల్లెల్లో మనిషికి రోజుకి 400 గ్రాముల బియ్యమైనా కావాలి. తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో ఆ 3 కిలోలు ఒక్క రోజుకి కూడా చాలవు. ఒంటరిగా ఉన్న అవ్వకి వారం రోజులు వస్తాయి. చూడ్డానికి సమానంగానే ఉంది, ఒక ఇంట్లో మాత్రం పిల్లలు పస్తున్నారు. నిన్ను తిట్టింది వాళ్లే అయ్యుంటారు. తినే సరుకు, తాగే నీళ్లు తలల లెక్కన పంచు, గడపల లెక్కన పంచకు. రేషన్ కార్డు పట్టుకుని లెక్క వేయకు. కొత్తగా పెళ్లయి వేరు కాపురం పెట్టినవాళ్లకి కార్డు ఉండదు. హైదరాబాద్, చెన్నై వలసపోయినవాళ్ల పేర్లు కార్డులో ఉంటాయి కానీ మనుషులు ఇంట్లో ఉండరు. వేటకి గుజరాత్ తీరానికి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలే ఉంటారు, లారీ దగ్గర వాళ్ల తరఫున గట్టిగా అడిగే గొంతు ఉండదు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎంతమంది పడుకున్నారో అదే లెక్క.

నీళ్లూ అంతే. ప్రపంచమంతటా సహాయ పనుల్లో పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో తాగడానికి, వంటకి, ఒంటి శుభ్రతకి కలిపి మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు అని ఉంటుంది. మీ ఊళ్లో 800 మంది ఉన్నారనుకో, 12,000 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకరు ఒక్కటే వస్తే మనిషికి 6 లీటర్ల పైచిలుకు. అంటే ట్యాంకరు నీళ్లు తాగడానికి, వంటకి మాత్రమే, స్నానానికి నూతి నీళ్లు అని ముందే చాటింపు వేయించాలి. లేకపోతే పెద్ద డ్రమ్ములు ఉన్నవాళ్లు నింపేసుకుంటారు, బిందె ఒక్కటే ఉన్నావిడ బిందెతోనే వెనక్కి వెళ్తుంది. వీలైతే జనరేటర్ ఒకటి అద్దెకి తెచ్చి, ఊరి బోరుకి తగిలించి ట్యాంకు నింపించండి. కరెంటు వచ్చే దాకా దానికన్నా విలువైన సామాను ఇంకోటి ఉండదు.

బరకం సంగతి వేరు. బియ్యంలాగా గుప్పెడు గుప్పెడు పంచేది కాదు. గొడవ పడలేక కొన్ని ఊళ్లలో బరకాన్ని మధ్యకి కోసి ఇద్దరికి ఇవ్వడం నేను చూశాను. కోసిన అంచుకి తాడు కట్టే రింగులు ఉండవు, గాలికి చిరుగుతుంది, రెండిళ్లూ తడుస్తాయి. ఎవరో ఒకరికి లేదనాల్సిందే. ఆ లేదనడం ఎలాగో చెబుతాను.

నువ్వు ఇళ్ల దెబ్బ లెక్క రాయలేదు కాబట్టి ఉజ్జాయింపుగా అనుకుందాం. 212లో కప్పు పూర్తిగా పోయినవి 38, సగం పోయిన పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు 74, మిగతా 100 శ్లాబు ఇళ్లు. నీ దగ్గర ఉన్నవి 60. ముందు నాలుగు పక్కన పెట్టు, ఎవరు అడిగినా తియ్యొద్దు. మూడో రోజో నాలుగో రోజో తెలుస్తుంది తోట మధ్యలో ఒంటి గుడిసె ఒకటి ఉందని, దాంట్లో మనుషులు ఉన్నారని. ఆ నాలుగూ వాళ్లకోసం. మిగిలిన 56లో 38 కప్పు పోయినవాళ్లకి. వాళ్లలోనూ శ్లాబు ఇంట్లో ఉన్న అన్నదమ్ముల దగ్గర పడుకుంటున్నవాళ్లు ఉంటే, రెండో లారీ దాకా ఆగమని అడుగు, చాలామంది ఆగుతారు. ఇంక 18 ఉంటాయి, సగం పోయిన ఇళ్లు 74. అందులో బాలింతలు, నెలలు నిండినవాళ్లు, మంచం పట్టినవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, వికలాంగులు ఉన్న ఇళ్లు ఓ 13 తేలాయనుకో. వాళ్లకి ఇచ్చేస్తే 5 మిగులుతాయి, ఎదురుగా 61 ఇళ్లు. వాళ్ల అవసరంలో పెద్ద తేడా లేదు. అప్పుడు చీటీలు వెయ్యి. 61 పేర్లూ అందరి ముందూ రాసి, చిన్నపిల్లతో అయిదు తీయించు.

చీటీ వెయ్యడం బాధ్యత వదిలించుకోవడం అంటారు కొందరు. మొదట్లోనే 212 ఇళ్లకీ చీటీ వేస్తే నిజంగా అదే అవుతుంది, బాలింత అదృష్టం బాగాలేక తడవాల్సి వస్తుంది. అవసరం చూసి వడకట్టిన తర్వాత, సమానంగా ఉన్నవాళ్ల మధ్య వేస్తే మాత్రం నీ ఇష్టానికి చోటు లేకుండా పోతుంది. రానివాడు కూడా ‘నా పేరు రాలేదు’ అంటాడు కానీ ‘వాడు నాకు ఇవ్వలేదు’ అనడు.

మీ మేనత్తకి ఇవ్వడం తప్పు కాదు. కప్పు పోయింది, ఆమెకి రావాల్సిందే. అయితే ఆ నిర్ణయం నీ నోటి నుంచి వచ్చింది. చుట్టాల ఇంటి వంతు వచ్చినప్పుడు నువ్వు పక్కకి జరిగి, కమిటీలో మిగతావాళ్లతో చెప్పించాలి. మీ ఇంటి వంతు కూడా అంతే, అది వాళ్లే తేల్చాలి. అలాగని త్యాగం పేరుతో మీ అమ్మని తడిపించకు. కమిటీ పిల్లలు కొందరు ఇల్లు కారుతున్నా మాకొద్దంటారు, ఆ తర్వాత జ్వరంతో పడుకుంటారు, పని ఆగిపోతుంది.

ఇదంతా లారీ వచ్చాక మొదలుపెడితే జరగదు. లారీ చుట్టూ వందమంది ఉన్నప్పుడు న్యాయం గురించి మాట్లాడితే ఎవరికీ వినపడదు. అక్టోబర్‌కి ముందే, ఇప్పుడే, ఊరంతా తిరిగి లిస్టు రాయండి. డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్లని వెంటబెట్టుకో. ఆశా కార్యకర్తకి, అంగన్‌వాడీ టీచరుకి ఏ ఇంట్లో ఎన్నో నెలో, ఎవరికి పసిబిడ్డో ఇప్పటికే తెలుసు. మగపిల్లలు ఒక్కళ్లే గుమ్మంలో నిలబడి అడిగితే ఆడవాళ్లు సగం విషయాలు చెప్పరు. రాసిన లిస్టు, ఏ వరుసలో ఇస్తామో ఆ వరుస, రెండూ ఊరందరి ముందూ గట్టిగా చదవండి. అప్పుడు గొడవ పడనీ. ఎండ కాస్తున్నప్పుడు పడిన గొడవ వానలో పడేదానికన్నా వెయ్యిరెట్లు నయం. జబ్బుల పేర్లు మాత్రం చదవొద్దు, ‘మందుల అవసరం ఉన్న ఇల్లు’ అంటే చాలు.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్నా బరువుగా ఉన్న విషయానికి వస్తాను. మీది ఉద్దానం. మీ ఊళ్లో కిడ్నీ జబ్బు మనుషులు ఎంతమందో నాకన్నా నీకే బాగా తెలుసు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర్లో తీరం దాటినప్పుడు గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. కొబ్బరి, జీడి, పనస చెట్లు రోడ్ల మీద అడ్డదిడ్డంగా పడ్డాయి. రోజుల తరబడి కరెంటు లేదు. అందరం బియ్యం, కొవ్వొత్తులు అంటున్నాం. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లాల్సిన మనిషికి బియ్యం కన్నా ముందు దారి కావాలి. ఒకటి రెండు వంతులు తప్పితే ఒళ్లు వాచి, ఊపిరి అందక, గుండె మీదకి వస్తుంది. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, మంచిదే. ఊరి దారిలో పనసచెట్టు పడి ఉంటే ఆ ఆసుపత్రి ఉన్నా లేనట్టే.

కాబట్టి చెట్లు కోసే రంపం మెషీను కూడా బరకంలాగా కరువు సరుకే అని గుర్తుపెట్టుకో. ఊళ్లో ఒకటో రెండో ఉంటాయి, పెట్రోలు కొంచెమే ఉంటుంది. తుపాను వెలిసిన పొద్దున ప్రతివాడూ తన వాకిట్లో చెట్టు కోసిపెట్టమంటాడు. మొదటి కోత ఎక్కడ పడాలో ముందే రాసుకోండి: డయాలసిస్ మనిషి గుమ్మం నుంచి పెద్ద రోడ్డు దాకా ఒక ఆటో పట్టేంత దారి. మొత్తం రోడ్డు శుభ్రం చేయనక్కర్లేదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడే వీలైతే వాళ్లని పలాస, సోంపేట వైపు చుట్టాల ఇళ్లకి పంపించెయ్యండి, వంతు ఒకరోజు ముందుకి జరపగలరేమో సెంటర్లో అడగండి.

ఇంకో మాట, దీన్ని ఇంటింటికీ చెప్పు. తుపాను తర్వాత మీ తోటల్లో ఎటు చూసినా రాలిన బొండాలే. మంచినీళ్లు దొరకవు, పిల్లలు బొండాలు కొట్టుకుని తాగుతారు, మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం వాటిని ఇవ్వకూడదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, డయాలసిస్ కూడా తప్పితే ఆ పొటాషియం గుండెని ఆపేయగలదు. దాహం వేస్తోందని ప్రేమగా పట్టించిన బొండమే ప్రాణం మీదకి తెస్తుంది. అందుకే ట్యాంకరు నీళ్లు రాకముందు ఊళ్లో ఉన్న క్యాన్ నీళ్లలో మొదటి వాటా ఆ ఇళ్లకి. ఎంత తాగాలో డాక్టరు చెప్పిన కొలత వాళ్లకి ఉంటుంది, దాన్ని దాటొద్దు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు వాడుతున్న సీసాని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీడలో పెట్టుకుంటే కరెంటు లేని రోజులు గడుస్తాయి. నీళ్లు సీసాకి తగలకుండా చూసుకోవాలి.

లారీల గురించి కూడా కొంచెం. జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న ఊళ్లకి ఒకే రోజు మూడు లారీలు వస్తాయి, మందస కొండల్లో సవర గూడేలకి వారమైనా ఒక్కటి రాదు. దాతలు చెడ్డవాళ్లు కాదు, వాళ్ల డ్రైవరుకి దారి తెలియదు. మీ ఊరికి సరిపడా అందాక నాలుగో లారీ వస్తే దించుకోవద్దు. మీ కుర్రాణ్ని ఒకణ్ని క్యాబిన్‌లో ఎక్కించి, అందనిచోటికి దారి చూపించి రమ్మను. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. ఊళ్లోవాళ్లు ‘మన ఊరికి వచ్చిన లక్ష్మిని పంపించేస్తావా’ అంటారు. ఈ తీర్మానం కూడా లిస్టుతో పాటే ముందే చేసి పెట్టుకోండి. ఎక్కడ అందలేదో తెలుసుకోవడానికి జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి ఫోన్ చెయ్యి, గ్రామ సచివాలయంలో అడుగు.

సరుకు ఎంత వచ్చింది, ఎవరికి వెళ్లింది, ఎంత మిగిలింది, ప్రతి సాయంత్రం గుడి గోడ మీదో స్కూలు బోర్డు మీదో రాయించు. తీసుకునేవాళ్ల చేతిలో సంచి పెట్టి ఫోటోలు తియ్యొద్దు. దాతలు అడిగితే ఈ గోడ ఫోటో పంపు.

ఇంత చేసినా నిన్ను అనేవాళ్లు అంటారు. నీ చేతిలో 60, నీ ఎదురుగా 212. ఆ తేడా నీ తప్పు కాదు. లేదన్నప్పుడు మాత్రం తప్పించుకుని తిరగకు. ఎవరికి లేదో వాళ్ల గుమ్మం దాకా వెళ్లి, ఎందుకు లేదో, మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పు. నేను ఆ తాత వెంట వాళ్ల ఇంటికి వెళ్లాను. మంచం మీద ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది తప్ప ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మొదటి ప్యాకెట్టు ఆ ఇంటికే పట్టుకెళ్లాను.

ఆ బాలింత దగ్గరికి కూడా అలాగే వెళ్లు. ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తూ ఉండాలి. మీ అమ్మని తోడు తీసుకెళ్లు, ఆవిడ భయం కూడా కొంత తీరుతుంది. ‘అప్పా, ఆ రోజు నీ వీధి దాకా రాకుండానే అయిపోయాయి, నేను అటు నుంచి మొదలుపెట్టాల్సింది’ అని చెప్పు. ఆమె తిడితే విను. తర్వాత లిస్టు చేతిలో పెట్టి, గెడ్డ అవతల ఎవరి పేరు తప్పిపోయిందో చూడమని అడుగు. కుదిరితే కమిటీలో కూర్చోమను. లిస్టు పెన్సిల్‌తో రాయి, పెన్నుతో రాస్తే తడిసినప్పుడు సిరా అలుక్కుపోతుంది. రెండు కాపీలు తీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఒకటి ఆమె ఇంట్లో ఉంచు.